బొడ్రాయి కింద ఏముందని అడిగేవాళ్ళకు

నందికొండ లైబ్రరీకి వచ్చే కుర్రవాళ్ళు నన్ను ఎప్పుడూ ఆనకట్ట గురించే అడుగుతారు. రాయి ఎక్కడినుంచి వచ్చింది, కూలీలు ఎక్కడ ఉండేవాళ్ళు, మొదటిసారి గేట్లు ఎత్తినప్పుడు ఎలా ఉండింది అని. ఆ ప్రాజెక్టు ఆఫీసులో గుమస్తాగా చేరి అక్కడే రిటైరైనవాణ్ణి కాబట్టి అడగడం న్యాయమే. కాని నా ఉద్యోగ జీవితం ఆనకట్టతో మొదలు కాలేదు. అంతకు ముందు, పోలీసు యాక్షన్ తర్వాతి రోజుల్లో, నేను మిలిటరీ క్యాంపులో దుబాసిగా పనిచేశాను. ఊరివాళ్ళ తెలుగు విని ఆఫీసరుకు హిందుస్తానీలోనో ఇంగ్లీషులోనో చెప్పడం, ఆయన మాట విని తిరిగి వీళ్ళకు చెప్పడం నా పని. ఆ ఉద్యోగం పోయింది. ఎలా పోయిందో చెప్పాలంటే గ్రీకు దేవతల దగ్గర మొదలుపెట్టాలి. నవ్వకండి. వేరే దారి ఉంటే నేనే ఆ దారిన వచ్చేవాణ్ణి.

నేను బడిలో చదువుకున్నది ఉర్దూ మీడియంలో, అదీ మిడిల్ దాకా. మిగిలిన చదువంతా నల్లగొండలోని ఒక చిన్న గ్రంథాలయం పెట్టిన భిక్ష. ఒక వకీలుగారు కాలం చేస్తే ఆయన కొడుకులు ఇంగ్లీషు పుస్తకాల పెట్టె ఒకటి తెచ్చి అక్కడ పడేసిపోయారు. ఎవరూ ముట్టని ఆ పెట్టె నాకు సొంత ఆస్తి అయిపోయింది. అందులో అట్ట ఊడిన పుస్తకం ఒకటి ఉండేది, ప్రాచీన గ్రీకుల మతం గురించి. పక్కన డిక్షనరీ పెట్టుకుని, ఒక్కో వాక్యాన్ని చింతపండు పిసికినట్టు పిసికి, ఏడాదికి పైగా చదివాను. ఇంగ్లీషు నాకు వచ్చింది ఆ పుస్తకంతోనే. అందుకే నా మొదటి ఇంగ్లీషు మాటల్లో బలిపీఠం, ఊరేగింపు, దీక్ష వంటివే ఎక్కువ. క్యాంపులో చేరిన కొత్తలో, తెలుగూ ఉర్దూ రాని వంటవాణ్ణి ఇంగ్లీషులో ఉప్పు అడగడం రాక చప్పిడి కూడు తిన్నాను.

ఆ పుస్తకంలో నన్ను పట్టుకున్నది రహస్య మతాల అధ్యాయం. ఏథెన్సు నగరానికి దగ్గరలో ఎల్యూసిస్ అని ఒక ఊరు. అక్కడి దేవత డిమీటర్, పైరుల తల్లి. ఆమె కూతురిని పాతాళ రాజు ఎత్తుకుపోతాడు. తల్లి ముసలమ్మ వేషంలో బిడ్డను వెతుక్కుంటూ తిరిగి, ఆ ఊరి బావి దగ్గర కూలబడుతుంది. నా బిడ్డ రాకుండా భూమి మీద గింజ మొలవదు అంటుంది. విత్తనం విత్తనంగానే ఉండిపోతుంది. చివరికి దేవతలే దిగివచ్చి బిడ్డను తెచ్చి ఇస్తారు. అయితే ఆ బిడ్డ ఏటా కొంతకాలం పాతాళానికి తిరిగి పోవాల్సిందే. ఈ కథ ఆధారంగా అక్కడ ఏటా ఒక దీక్ష జరిగేది. ఆడవాళ్ళు, మగవాళ్ళు, యజమానులు, బానిసలు అందరూ ఒకే మంటపంలో కూర్చునేవారు. మూత వేసిన బుట్ట ఒకటి ఉండేది. ఏదో చేసేవారు, ఏదో చూపించేవారు, ఏదో చెప్పేవారు. ఏమిటో బయట చెప్పినవాడికి మరణశిక్ష. వందల ఏళ్ళు జరిగిన ఆ దీక్షలో లక్షల మంది పాల్గొన్నారు. ఎవరూ చెప్పలేదు.

సరిగ్గా ఆ తర్వాతి పుటలను చెదలు తినేశాయి. బుట్టలో ఏముందో ఆ పుటల్లో ఉందని, చెదలు కాస్త పక్కకు జరిగి తిని ఉంటే నాకు తెలిసిపోయేదని చాలా ఏళ్ళు కుమిలిపోయాను.

నేనిక్కడ ఎవరి పేరూ రాయడం లేదు. ఎల్యూసిస్‌లో ప్రధాన పూజారి పదవిలోకి వచ్చాక ఆయన పేరు ఎవరూ పలకకూడదని నియమం. ఆ నియమం నాకు నచ్చింది. దానినే ఇక్కడా పాటిస్తున్నాను.

మా క్యాంపు మోత్కూరు, తిరుమలగిరి మధ్య ఒక పాత దొర గడీలో ఉండేది. కెప్టెన్ ఉత్తరాది మనిషి, కాలేజీలో చదువుకున్నవాడు. కోపం తొందరగా వచ్చేది, తొందరగా పోయేది. జమేదారు మాత్రం ఇక్కడివాడే. పాత సర్కారు పోలీసులో పనిచేసి, సర్కారు మారినా నౌకరీ నిలుపుకున్న మనిషి. ఏ గాలి ఎటు వీస్తుందో పొద్దున లేవగానే చూసుకునేవాడు. నన్ను "మున్షీ సాబ్" అని పిలిచేవాడు. గౌరవం ఎంతో, వేళాకోళం ఎంతో నాకు ఎప్పుడూ తేలలేదు.

క్యాంపు పక్క ఊరిలో ఒక రోజు సరుకులు దించడానికి వచ్చిన కంట్రాక్టరు లారీ వెనక్కి తిరుగుతూ నడి ఊరిలోని బొడ్రాయిని గుద్దింది. రాయి పెకిలి పక్కకు పడింది. మోకాలెత్తు రాయి అది. మనిషికి బొడ్డు ఎట్లాగో ఊరికి ఆ రాయి అట్లా. ఊరు పుట్టినప్పుడు దానిని నిలబెడతారు, ఊరి శుభం, అశుభం దాని చుట్టూ తిరుగుతాయి. డెల్ఫీ అనే చోట గ్రీకులకు ఇలాంటి రాయే ఉండేదని, దానిని భూమికే బొడ్డు అనేవారని నా పుస్తకంలో చదివినప్పుడు నేను లైబ్రరీలో లేచి నిలబడ్డాను. ఎవరికైనా చెబుదామంటే పక్కన పేపరు చూస్తూ నిద్రపోతున్న పెద్దమనిషి తప్ప ఎవరూ లేరు.

కెప్టెన్‌కు నిజంగానే బాధ కలిగింది. సిపాయిలను పంపి, సిమెంటు తెప్పించి, ఒక్క పూటలో ఆ రాయిని నిలబెట్టించాడు. సున్నం కొట్టించి ఎర్రచారలు కూడా వేయించాడు. ఊరివాళ్ళు వచ్చి చూశారు, ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. కెప్టెన్ సంతోషించాడు.

మృగశిరలో మంచి వాన పడింది. చుట్టుపక్కల ఊళ్ళలో అరకలు కదిలాయి. ఆ ఊరిలో కదలలేదు. మరో వాన పడింది. కదలలేదు. జిల్లా అంతా నెమ్మదించింది, జనం సాగులో పడ్డారు అని పైకి రాయాల్సిన కెప్టెన్ తన గుమ్మం ముందున్న ఊరే బీడుగా ఉండటం చూసి పటేల్‌ను పిలిపించాడు.

"రాయి నిలవడ్డది గని ఊరు నిలవడలే సారూ," అన్నాడు పటేల్. "శాస్త్రంగ నిలవెట్టకుంట విత్తనం ఎయ్యరు."

"అయితే శాస్త్రంగా నిలబెట్టుకోండి. ఎవరు వద్దన్నారు?"

పటేల్ నా వైపు చూశాడు, నేను ఆయన వైపు చూశాను. అడ్డం ఎక్కడుందో ఇద్దరికీ తెలుసు.

ఆ ఊరి ఆచారం ప్రకారం రాయి కింది గుంతలో ప్రతి గడప నుంచి గుప్పెడు గింజలు పడాలి. ఆ గుప్పెడు ఇంటి మగమనిషి చేత్తో పడాలి. మగమనిషి లేని ఇంటికి పాలివాడు, అంటే ఆ ఇంటి దాయాది, పోస్తాడు. ఊరిలో ఒక తల్లి ఉంది. ఆమె భర్తను రజాకార్లు ఊరి మీద పడ్డ రోజున చంపారు. ఒక్కడే కొడుకు సర్కారు మీద తిరగబడ్డ దళంలో కలిసి కృష్ణ ఒడ్డు గుట్టల్లోకి వెళ్ళాడు. అతని కోసం మా క్యాంపు వెతుకుతోంది. పాలివాడు పోస్తానని ముందుకు వస్తే ఆమె ఒప్పుకోలేదు.

నన్ను ఆమె దగ్గరకు పంపారు. వెళ్ళేసరికి మోటబావి గట్టు మీద కూర్చుని ఉంది. ఒంటరి ముసలమ్మ, బావి గట్టు. నా పుస్తకంలో పేజీ కళ్ళముందు తెరుచుకున్నట్టయింది.

"ఏందయ్యా, నీళ్ళు తాగుతవా, సర్కారు మాట జెప్తవా?" అంది. "ఏదైనా తొందరగ కానీ."

"అమ్మా, మీ పాలాయన పోస్తే ఊరు నిలబడుతుంది గదా," అన్నాను.

"పాలోడు ఎప్పుడు పోస్తడు? ఇంట్ల మొగోడు లేనప్పుడు పోస్తడు. ఆడు పోసిండంటే నా కొడుకు లేడని ఊరంత ఒప్పుకున్నట్టు. బతికున్నోణ్ణి నేను నా చేతులతోని గుంతల ఏస్తనా?" కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆడొస్తడు, ఆడే పోస్తడు. రానియ్యకుంటె మీరు, మీ సర్కారు కూసొని తినుండ్రి సిమెంటు."

ఆ చివరి ముక్కను కెప్టెన్‌కు ఎలా తర్జుమా చెయ్యాలో నాకు తోచలేదు. ఉన్నది ఉన్నట్టే చెప్పాను. ఆయన నవ్వలేదు.

మరి ఆ ఒక్క ఇంటిని వదిలేసి మిగతావాళ్ళు చేసుకోవచ్చు కదా అని మీరనవచ్చు. కెప్టెన్ కూడా అదే అన్నాడు. దానికి జవాబు ఇవ్వాల్సింది ఊరి దేవతల పూజ చేసే బైండ్లాయన. బొడ్రాయి శాస్త్రం తరతరాలుగా ఆ ఒక్క ఇంటిది. ఎల్యూసిస్‌లోనూ పూజారి పదవి వంశాలదే. ఆయన ముసలివాడు, ఊరి చివరి వాడలో ఉంటాడు, జమిడిక వాయిస్తూ ఎల్లమ్మ కథ చెబుతాడు. తన గొంతు మీద తనకు చాలా గర్వం. ఒక్క గడప తప్పినా రాయి నిలవదని ఆయన తేల్చేశాడు. తేల్చి ఊరుకోలేదు. వానలు దాటిపోతున్నాయని, ఏదో ఒకటి కానియ్యమని జనం మీద పడితే, ఒక పొద్దున ఊరంతా తిరిగి చాటింపు వేశాడు. వచ్చే ఆదివారం బొడ్రాయి నిలబెడతాం. పొద్దు పొడిచినప్పటినుంచి పొద్దు గూకేదాకా బయటివాడు పొలిమేర దాటి లోపలికి రావద్దు, లోపలివాడు బయటికి పోవద్దు. ఈ ఊరి మనిషి ఎక్కడున్నా వచ్చి తీరాలి.

మధ్యాహ్నానికల్లా జమేదారు ఆయన్ను, ఆయన పూజ గంపతో సహా క్యాంపుకు పట్టుకొచ్చాడు.

"ఇన్నవా మున్షీ సాబ్, ఈ ముసలోడు మిలిట్రీనే పొలిమేర దాటొద్దంటున్నడు! మనకే కర్ఫ్యూ పెట్టిండు!" అన్నాడు నాతో. "ఇంకా 'ఏడున్నా రావాలె' అన్నడు. ఏడున్నా అంటె ఏడ? గుట్టల మీదనే కద. ఖుల్లంఖుల్లా కబురు వంపిండు."

కెప్టెన్ విచారణ మొదలుపెట్టాడు. మధ్యలో నేను.

"ఆ గుంతలో ఏం పెడతావు?"

"గింజలు వడ్తయి దొరా."

"గింజలు కాక?"

"అది సెప్పరాదు."

"ఎందుకు?"

"మా నాయిన నాకు సెప్పినప్పుడే సెప్పరాదని సెప్పిండు."

"చెబితే ఏమవుతుంది?"

బైండ్లాయన నిజాయితీగా ఆలోచించాడు. "సెప్పినోడు ఇంతదాక ఎవడు లేడు దొరా. ఏమైతదో ఎట్ల ఎర్క?"

"బాంబులు పెడుతున్నావా?"

"బాంబు వెడితె ఊరు నిలుస్తదా దొరా? లేస్తది గని."

గుమ్మం దగ్గరున్న సిపాయికి తెలుగు రాదు కాబట్టి బతికిపోయాడు. నాకు వచ్చు. నవ్వును దగ్గుగా మార్చుకున్నాను. జమేదారు గంప మూత మీద చెయ్యి వేశాడు.

"తీసి చూద్దామా సాబ్?"

ముసలాయన ముఖంలో రంగు పోయింది. అంతదాకా వేళాకోళంగా మాట్లాడిన మనిషి ఒక్కసారిగా నేల మీద కూర్చుండిపోయాడు. "దొరా, నన్ను జైల్ల ఎయ్యి. గంప మూత తియ్యకు. తీస్తె ఇగ నేను పనికిరాను. నా తర్వాత నా కొడుకు పనికిరాడు. ఊరికి ఇగ రాయి లేదు."

నేను అది తర్జుమా చేశాను. చేసి, అక్కడ ఆగలేదు. దుబాసి తన సొంత మాట కలపకూడదు, అది ఆ వృత్తి మొదటి నియమం. ఆ రోజు కలిపాను. "సార్, ఆ మూత తీసే ముందు నేను మీకొక కథ చెప్పాలి. నేను పుస్తకంలో చదివింది," అన్నాను.

కెప్టెన్ నన్ను వింతగా చూసి, అందరినీ బయటికి పంపాడు.

డిమీటర్ కథ చెప్పాను. బావి గట్టు చెప్పాను. మొలవని గింజ చెప్పాను. మూత వేసిన బుట్ట గురించి చెప్పాను. నా ఇంగ్లీషు ఇలాంటి వాటికి మాత్రం ఎక్కడా తడబడలేదు. కెప్టెన్ కాలేజీలో గ్రీకు కథలు కొన్ని చదివాడట. మధ్యలో తల ఊపుతూ వచ్చాడు. తర్వాత నేను ఎంతో దాచుకున్న ముక్క చెప్పాను. ఎల్యూసిస్ దీక్ష దగ్గరపడగానే వార్తాహరులు నగరనగరానికీ పోయి యుద్ధ విరామం చాటేవారు. శత్రునగరాల మనుషులైనా సరే, ఆ రోజుల్లో వచ్చి, దీక్ష తీసుకుని, క్షేమంగా తిరిగి పోవచ్చు.

"శత్రువులైనా?" అన్నాడు.

"శత్రువులైనా సార్. ఒకసారి యుద్ధం మధ్యలో సేనాపతి ఒకడు తన సిపాయిలనే దీక్షకు పోయే ఊరేగింపుకు కాపలా పెట్టి నడిపించాడు."

ఆయన కిటికీలోంచి బీడు పొలాలను చూశాడు. జమేదారు చెప్పిన దారి ఒకటి ఆయన ముందుంది. ఆదివారం పొలిమేర చుట్టూ మాటు వేస్తే వెతుకుతున్న మనిషి దొరుకుతాడు. అది తేలిక దారి.

చివరికి జమేదారును పిలిచి చెప్పాడు. ఆదివారం పొద్దు పొడిచాక సిపాయిలు పొలిమేర మీద నిలబడతారు, ఊరికి వీపు పెట్టి. బయటివాళ్ళను లోపలికి రానివ్వరు. పొద్దు గూకగానే నేరుగా క్యాంపుకు వచ్చేస్తారు. తెల్లవారేదాకా ఎవరూ బయటికి కదలరు. బైండ్లాయన్ను గంపతో పాటు, మూత తియ్యకుండా వదిలేయాలి.

"సాబ్, పొద్దు పొడవకముందే వచ్చినోడు, పొద్దు గూకినంక పోయినోడు..." అంటూ నసిగాడు జమేదారు.

"విన్నావుగా," అన్నాడు కెప్టెన్. తర్వాత నా వైపు తిరిగాడు. "నువ్వు లోపల ఉంటావు. అతను వచ్చాడా లేదా, గుంతలో ఏం పెట్టారు, ఈ రెండూ సాయంత్రం నాకు చెబుతావు. పైవాళ్ళు అడిగితే నేను జవాబు చెప్పుకోవాలి. నా కళ్ళూ చెవులూ నువ్వే."

నిజం చెప్పాలంటే నాకు సంతోషమే కలిగింది. రెండు వేల ఏళ్ళుగా పండితులకు దొరకని గంప మూత నా ముందు తెరుచుకోబోతోంది. చెదలు తిన్న పుటలు నాకు ఈ విధంగా దొరుకుతున్నాయనుకున్నాను.

బైండ్లాయన ఇంటికి వెళ్ళి సంగతి చెప్పాను. ఆయన జమిడిక తీగ బిగించుకుంటున్నాడు.

"బయటోడు లోపట ఉండరాదయ్యా."

"ఉండకపోతే కెప్టెన్ ఒప్పుకోడు."

"అట్లయితె బయటోడివి కాకు." తీగను మీటి చూశాడు. "గింజలు పొయ్యి, నీళ్ళు పొయ్యి. అప్పుడు ఊరోడివే. కని నీకీడ గడప లేదు. ఎవల గడప నుంచి పోస్తవ్?"

పుస్తకం తెలిసినవాణ్ణి కదా, ఊరుకోలేదు. గ్రీకుల దగ్గర యజమాని, బానిస ఒక్కచోటే కూర్చునేవారని, అక్కడ పెద్ద చిన్న లేదని ఆయనకు వివరించాను. ముసలాయన శ్రద్ధగా విన్నాడు.

"మంచి మాట. మరి నా గడప నుంచి పోస్తవా?"

ఈనాటి పిల్లలకు ఆ ప్రశ్న బరువు తెలియకపోవచ్చు. మాది మగ్గం నేసే ఇల్లు. అంటరానిదని దూరం పెట్టిన ఆ ఊరి చివరి వాడలో నీళ్ళు తాగి వచ్చానని తెలిస్తే మా అమ్మ నన్ను వాకిట్లోనే నిలబెట్టేది. ఆ గడప పేరు మీద ఊరందరి ముందు గింజలు పోయడమంటే ఆ కబురు నాకంటే ముందు మా ఇంటికి చేరుతుంది. అంతసేపూ పుస్తకం మాటలు చెప్పిన నాలోని మనిషి ఎటు పోయాడో తెలియలేదు. ముసలాయన నన్ను తొందరపెట్టలేదు. మళ్ళీ తీగ బిగించుకుంటూ కూర్చున్నాడు.

"పోస్తాను," అన్నాను.

"పోసినంక నువ్వు ఊరోడివి. ఊరోడు బయట ఏం జెప్పడు. ఎర్కే కద?"

ఆ మాటను ఆ పూట తేలికగా విన్నాను. రెండు వైపులా మాట ఇచ్చేశానని క్యాంపుకు నడుస్తూ ఉంటే మెల్లగా అర్థమైంది.

ఆదివారం గురించి చెప్పదగినంత చెబుతాను. పొద్దు పొడవకముందే ఊరిలో ఉన్నాను. ఇంటింటి ముందు అలుకు వాసన. చెరువు కట్ట మీద సిపాయిల వీపులు వరుసగా కనబడుతున్నాయి. ఊరివాళ్ళు మొదట్లో వాటిని చూసి జంకారు, తర్వాత మరిచిపోయారు. సిమెంటు పగలగొట్టడానికి ఇద్దరు వడ్డెవాళ్ళు చెమటలు కక్కారు. "మిలిట్రోడు ఏం చేసినా గట్టిగ చేస్తడు," అని ఒకాయన మెచ్చుకున్నాడు. గుంత తవ్వారు. అప్పటిదాకా నన్ను "అయ్యా" అన్న బైండ్లాయన జమిడిక పట్టుకుని గుంత దగ్గర నిలబడగానే వేరే మనిషయ్యాడు. "బిడ్డా, ఇటురా. తల వంచు. గిప్పటి సంది నోరు మూసుకో. ఏది అడగకు," అన్నాడు. నా పుస్తకంలో ఇద్దరు పరాయి కుర్రాళ్ళు తెలియక దీక్షా మంటపంలోకి వచ్చి, అడగకూడని ప్రశ్నలు అడిగి దొరికిపోయి చచ్చిపోతారు. నేను ఏమీ అడగలేదు. నా జీవితంలో అంతసేపు ప్రశ్న అడగకుండా ఉన్నది ఆ ఒక్కనాడే.

ఒక్కో గడపను పిలిచారు. తన గడప పేరు పిలిచినప్పుడు బైండ్లాయన నా పిడికిట్లో జొన్నలు పెట్టాడు. పోశాను. జనంలో చిన్న గుసగుస లేచి అణిగింది. ఆ తల్లి తన ఇంటి అరుగు మీద పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వెనక తలుపు ఓరగా ఉంది. ఆమె గడప పేరు పిలిచారు.

ఇక్కడ ఆపుతున్నాను.

పొద్దు గూకింది. సిపాయిల వీపులు కట్ట దిగి వెళ్ళిపోయాయి. నేనూ క్యాంపుకు వెళ్ళాను. కెప్టెన్ గడీ వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పక్కన జమేదారు.

"చెప్పు. వచ్చాడా?"

దారంతా నేను ఇంగ్లీషులో ఒక పెద్ద సమాధానం సిద్ధం చేసుకున్నాను. అందులో ఏథెన్సు కూడా ఉంది. నోట్లోంచి వచ్చింది మాత్రం ఒక్క ముక్క. "సార్, నేను గింజలు పోశాను."

"అంటే?"

"ఇప్పుడు నేను ఆ ఊరివాణ్ణి. చెప్పకూడదు."

జమేదారు నుదురు కొట్టుకున్నాడు. కెప్టెన్ ముఖం ఎర్రబడింది. "నేను నిన్ను పంపింది చూసి వచ్చి చెప్పడానికి."

"అవును సార్. చూడాలంటే పొయ్యాలి. పోస్తే చెప్పకూడదు. లోపలికి వెళ్ళే దారి అదొక్కటే ఉంది."

"గుంతలో నా సిపాయిలకు అపాయం చేసేది ఏదైనా ఉందా? దీనికైనా జవాబు చెబుతావా?"

"లేదు సార్. అది చెప్పగలను."

ఆయన లేచి అటూ ఇటూ తిరిగాడు. నన్ను లోపల వేయించగలడు. అంతకంటే చిన్న తప్పులకే మనుషులు జైళ్ళలో ఉన్న రోజులు. చివరికి ఆయన అన్నాడు. "చెప్పని దుబాసి నాకెందుకు? పొద్దున్నే వెళ్ళిపో."

అంతే. నా మొదటి ఉద్యోగం అలా ముగిసింది.

తెల్లవారి జమేదారు నా పెట్టెను బండి దాకా తానే మోసుకొచ్చాడు. "పిచ్చోడివి మున్షీ సాబ్. నౌకరీ పోగొట్టుకుంటివా గుంత కోసం? సరే, పోయింది పోయింది. నాకన్నా జెప్పు, ఏముండె అండ్ల?"

"చెబితే మీ నౌకరీ కూడా పోతుంది జమేదార్ సాబ్."

"అబ్బో! నాకొద్దు బాబు," అని పెట్టె దించేసి రెండడుగులు వెనక్కి వేశాడు.

చెరువు కట్ట మీద కెప్టెన్ ఒక్కడే నిలబడి ఉన్నాడు. బండి ఆ దారినే పోవాలి. దగ్గరికి రాగానే దిగి నిలబడ్డాను. ఆయన నా వైపు చూడలేదు. కింద పొలాల్లో, మృగశిర నుంచి బీడుగా ఉన్న ఆ నేలంతటా అరకలు తిరుగుతున్నాయి. ఒక చెలకలో ఆ తల్లి కొంగు నడుముకు చుట్టుకుని, గొర్రు వెనకాల నడుస్తూ, గుప్పెడు గుప్పెడు గింజలు వదులుతోంది. ఇంత దూరం నుంచి ముఖం కనబడటం లేదు. నడక మాత్రం బావి గట్టు మీద కూర్చున్న మనిషి నడకలా లేదు.

"నీ పుస్తకంలో," అన్నాడు కెప్టెన్ నెమ్మదిగా, "ఆ దేవత గింజను ఎప్పుడు మొలవనిచ్చింది?"

ఆ జవాబు ఆయనకే తెలుసు. నేనే చెప్పాను, ఆయన గదిలో కూర్చుని. ఇప్పుడు దానికి జవాబు చెబితే వేరే దానికి చెప్పినట్టవుతుంది. నేల చూస్తూ నిలబడ్డాను.

"నిన్న కోపంలో తీసేశాను," అన్నాడు. "ఇప్పుడు చూస్తే సరిగానే తీసేసినట్టున్నాను. నువ్వు దుబాసి పనికి పనికిరావు." అరకల వైపు చెయ్యి చూపి, "ఊరు విత్తనం వేసింది అని రాస్తాను. అది నా కళ్ళతో చూశాను," అన్నాడు. ఆ రోజు ఆయన ఎవరినీ గుట్టలవైపు పంపలేదని చాలా కాలానికి జమేదారు చెప్పాడు. ఆ ఒక్క రోజుకే. ఆ పై రోజుల సంగతి వేరు. ఆ రోజుల్లో ఎవరికీ అంతకంటే ఎక్కువ దొరికేది కాదు.

మా అమ్మ నన్ను వాకిట్లో నిలబెట్టిందా అంటే, నిలబెట్టింది. ఒక పూట. తర్వాత తనే వచ్చి, గుంతలో ఏముందని అడిగింది.

కొన్నేళ్ళకు ప్రాజెక్టు ఆఫీసు పని మీద హైదరాబాదు వెళ్ళినప్పుడు పెద్ద లైబ్రరీలో అదే పుస్తకం, అట్టతో సహా, చెదలు ముట్టనిది దొరికింది. బల్ల దగ్గరికి తెచ్చి ఆ అధ్యాయం తెరిచాను. చెదలు తినేసిన ఆ పుటల్లో గ్రంథకర్త నిండా ఊహలు రాసి, చివర్లో ఒప్పుకున్నాడు. బుట్టలో ఏముందో మనకు తెలియదు, తెలిసినవాళ్ళు చెప్పలేదు అని. పకపకా నవ్వాను. పక్క బల్ల దగ్గరివాళ్ళు కోపంగా చూశారు. నల్లగొండ చెదలు నా దగ్గరినుంచి ఏమీ దోచుకోలేదు. ఇన్నాళ్ళూ వాటిని తిట్టుకున్నాను, పాపం.

ఆ ఊరిలో బొడ్రాయి పండుగ చేసినప్పుడల్లా నాకు కబురు వస్తుంది. అక్కడ నా పేరు ఎవరికీ తెలియదు. దుబాసోడు అంటారు. బైండ్లాయన పోయాడు, ఆయన కొడుకు జమిడిక పట్టుకుంటున్నాడు. తండ్రి అంత గొంతు లేదు, ఆ సంగతి అతనితో అనకండి. గడపలను వరసగా పిలుస్తాడు. తన గడప వంతు రాగానే నా వైపు తిరిగి, "దుబాసోడా, నీళ్ళు దేవయ్యా, ఎండ ముదురుతుంది," అంటాడు. బిందె భుజాన పెట్టుకుని వెళ్ళి పోస్తాను. ఆ తల్లి ఇప్పుడు లేదు. ఆమె గడప నుంచి ఆ తర్వాత ఎవరు పోశారని మీరు అడుగుతారు.

అడగండి. అడగడానికి మీకు హక్కుంది.